ఐటిల్ ఫౌండేషన్ సరే, ఆ పైన ఎంతవరకు చదవాలి?

మీ ప్రశ్నలో రెండు మూడు ప్రశ్నలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం. ఐటిల్ అంటే ఐటీ సేవలు ఎలా నడపాలో చెప్పే మార్గదర్శకాలు, వాటి మీద సర్టిఫికెట్ పరీక్షలు ఉంటాయి, ఫౌండేషన్ అందులో మొదటి మెట్టు. మూడేళ్లుగా సర్వీస్ డెస్క్‌లో ఎల్‌1గా, అంటే యూజర్ల ఫిర్యాదులు మొదట అందుకునే స్థాయిలో ఉన్నారు, సగం నైట్ షిఫ్టులే. ఇన్సిడెంట్ మేనేజర్ రోల్‌కి, అంటే సేవ ఆగిపోయినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టే పనిని నడిపించే రోల్‌కి వెళ్లాలని ఉంది. అప్రైజల్‌లో మీ మేనేజర్ "ఐటిల్ చెయ్" అని ఒక్క ముక్క అని ఊరుకున్నారు. కోచింగ్ వాళ్లను అడిగితే ఫౌండేషన్ నుంచి మాస్టర్ దాకా ఒకే ప్యాకేజీ, ఈ వారంలో చేరితే డిస్కౌంట్ అంటున్నారు. టీమ్‌లో ఒక సీనియర్ దగ్గర 'ఎక్స్‌పర్ట్' ఉంది, కానీ ఆ పేరుతో ఇప్పుడు కోర్సే కనబడడం లేదు. ఎంతవరకు చదవాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఇదే కదా మీరు అడిగింది.

సూటిగా చెప్తాను. ఫౌండేషన్ చేయండి, ఆలస్యం చేయకుండా చేయండి. దాని పైవి మాత్రం మీ పని మారినప్పుడో, మారబోతోందని ఖాయంగా తెలిసినప్పుడో చేయండి, అదీ కంపెనీ డబ్బుతో అయితే మరీ మంచిది. ప్యాకేజీ జోలికి పోవద్దు. నేను చాలా ఏళ్లుగా సర్వీస్ మేనేజ్‌మెంట్‌లోనే ఉన్నాను, ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటాను. రెజ్యూమేలో నాలుగు సర్టిఫికెట్లు ఉండి ఒక్క బ్రిడ్జ్ కాల్ (సేవ ఆగినప్పుడు అన్ని టీమ్‌లూ చేరే కాన్ఫరెన్స్ కాల్) నడిపిన అనుభవం లేనివాళ్లు, ఒక్క ఫౌండేషన్‌తో వచ్చి గదిలో అందరినీ ఒప్పించినవాళ్లు, రెండు రకాల వాళ్లనూ చూశాను.

ముందు ఈ పేర్ల గందరగోళం సంగతి చూద్దాం. ఐటిల్ పుట్టింది బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాల్లో. 1980ల్లో అక్కడి ప్రభుత్వ సంస్థ సీసీటీఏ తమ శాఖల్లో కంప్యూటర్ సేవలు ఒక్కోచోట ఒక్కో తీరుగా నడుస్తుంటే చూసి, మంచి పద్ధతులన్నీ పుస్తకాలుగా రాయించడం మొదలుపెట్టింది. 2000 ప్రాంతంలో వెర్షన్ 2, 2007లో వెర్షన్ 3, 2011లో దానికి సవరించిన ఎడిషన్ వచ్చాయి. 2013లో బ్రిటన్ క్యాబినెట్ ఆఫీస్, క్యాపిటా అనే కంపెనీ కలిసి యాక్సిలోస్ అనే జాయింట్ వెంచర్ పెట్టి ఐటిల్‌ని దాని చేతికిచ్చాయి. 2019లో ఐటిల్ 4 వచ్చింది. 2021లో పరీక్షలు నిర్వహించే పీపుల్‌సర్ట్ అనే సంస్థ యాక్సిలోస్‌ని కొనేసింది. అంటే ఇప్పుడు పుస్తకమూ వాళ్లదే, పరీక్షా వాళ్లదే, పరీక్ష రాయడానికి కొనే వోచరూ వాళ్లదే. మీ సీనియర్ దగ్గరున్న సర్టిఫికెట్ మీద ఒక లోగో, మీకు వచ్చేదాని మీద ఇంకో లోగో ఉంటే కంగారు పడకండి, చేతులు మారాయంతే.

ఇక ఆ 'ఎక్స్‌పర్ట్'. అది వెర్షన్ 3 నాటిది, అప్పట్లో క్రెడిట్ల లెక్క ఉండేది. ఫౌండేషన్‌కి 2 క్రెడిట్లు. ఆ పైన ఇంటర్మీడియట్‌లో రెండు దారులు: లైఫ్‌సైకిల్ దారిలో స్ట్రాటజీ, డిజైన్, ట్రాన్సిషన్, ఆపరేషన్, కంటిన్యువల్ ఇంప్రూవ్‌మెంట్ అని అయిదు, ఒక్కోదానికి 3 క్రెడిట్లు, కేపబిలిటీ దారిలో నాలుగు, ఒక్కోదానికి 4. కనీసం 17 క్రెడిట్లు పోగైతేనే చివరి పరీక్ష 'మేనేజింగ్ అక్రాస్ ద లైఫ్‌సైకిల్' రాయనిచ్చేవాళ్లు, దానికి 5. మొత్తం 22 అయితే ఎక్స్‌పర్ట్. లైఫ్‌సైకిల్ దారిలో వెళ్తే ఫౌండేషన్‌తో కలిపి ఏడు పరీక్షలు. ఒక్కో దానికీ క్లాసులకు వెళ్లి, శని ఆదివారాలు పోగొట్టుకుని చేసినవాళ్లు వాళ్లు, కాబట్టి మీ సీనియర్‌ని తక్కువ అంచనా వేయకండి. వెర్షన్ 3 పరీక్షలు 2022 తర్వాత లేవు, అందుకే ఆ పేరుతో కోర్సు మీకు కనబడదు. ఇప్పటికీ కొన్ని జాబ్ పోస్టింగుల్లో 'ఐటిల్ ఎక్స్‌పర్ట్ ప్రిఫర్డ్' అని ఉంటుంది, అది హెచ్‌ఆర్ వాళ్లు పాత జాబ్ డిస్క్రిప్షన్‌ని కాపీ పేస్ట్ చేయడమే. దాన్ని చూసి అప్లై చేయకుండా ఆగకండి.

ఐటిల్ 4లో క్రెడిట్లు తీసేశారు, దాని బదులు కొమ్మలు పెట్టారు. అందరికీ మొదలు ఫౌండేషన్. అక్కడి నుంచి ఒక కొమ్మ మేనేజింగ్ ప్రొఫెషనల్, అందులో నాలుగు మాడ్యూళ్లు: క్రియేట్ డెలివర్ అండ్ సపోర్ట్, డ్రైవ్ స్టేక్‌హోల్డర్ వాల్యూ, హై వెలాసిటీ ఐటీ, డైరెక్ట్ ప్లాన్ అండ్ ఇంప్రూవ్. అందరూ సీడీఎస్, డీఎస్‌వీ, హెచ్‌వీఐటీ, డీపీఐ అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. రెండో కొమ్మ స్ట్రాటజిక్ లీడర్, దానికి డీపీఐతో పాటు డిజిటల్ అండ్ ఐటీ స్ట్రాటజీ అనే ఇంకో మాడ్యూల్. డీపీఐ రెండు కొమ్మల్లోనూ ఉందని గమనించారుగా, ఒకసారి చేస్తే రెండింటికీ లెక్కకొస్తుంది. మూడోది తర్వాత కలిపిన ప్రాక్టీస్ మేనేజర్. దానికి సీడీఎస్, దాంతోపాటు విడివిడిగా అయిదు ప్రాక్టీసులు (ఇన్సిడెంట్, ప్రాబ్లమ్ లాంటి ఒక్కో పని విభాగం), లేదా అయిదు కలిపి కట్టిన ఒక కట్ట. ఈ మూడు బిరుదులూ ఉంటే మాస్టర్ దానంతటదే వస్తుంది, వేరే పరీక్ష లేదు. మీకు ప్యాకేజీ అమ్ముతున్నవాళ్లు 'మాస్టర్' అంటున్నది ఈ మొత్తం కట్టనే. ఎల్‌1లో ఉన్నవాళ్లకి స్ట్రాటజిక్ లీడర్ అమ్మడం అంటే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఫౌండేషన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు నిజంగా చేయబోయేది ఇదే. ఐటిల్ 4 ఫౌండేషన్ పరీక్షలో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, పుస్తకం చూడకూడదు, 26 సరిగ్గా రాస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. ఇంగ్లిష్ మాతృభాషా కాక, పని చేసే భాషా కాకపోతే 25 శాతం అదనపు సమయం, అంటే మొత్తం 75 నిమిషాలు ఇచ్చే నిబంధన ఉంది, అది మీకు వర్తిస్తుందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. ఐటిల్ 4లో మొత్తం ప్రాక్టీసులు 34, ఆ సంఖ్య చూసి చాలామంది బెదిరిపోతారు. ఫౌండేషన్‌కి అందులో 15 చాలు. ఆ 15లో కూడా ఎనిమిదింటికి 'ఇది దేనికోసం' అన్నది తెలిస్తే సరిపోతుంది. ఏడు మాత్రం లోతుగా చదవాలి: ఇన్సిడెంట్, ప్రాబ్లమ్, చేంజ్ ఎనేబుల్‌మెంట్ (సిస్టమ్‌లో మార్పులకు ఆమోదం, నియంత్రణ), సర్వీస్ రిక్వెస్ట్, సర్వీస్ డెస్క్, సర్వీస్ లెవెల్, కంటిన్యువల్ ఇంప్రూవ్‌మెంట్. నలభైలో సుమారు 17 మార్కులు ఈ ఏడింటి నుంచే వస్తాయి. ఇందులో మొదటి అయిదూ మీరు రోజూ టికెట్లలో చూసేవే. ఏడు గైడింగ్ ప్రిన్సిపుల్స్ (ఏ పనికైనా ఐటిల్ చెప్పే మూల సూత్రాలు) ఇంకో అర డజను మార్కులు, వాటిని బట్టీ కొట్టినా పర్వాలేదు కానీ ఒక్కోదానికి మీ ఫ్లోర్ మీది ఉదాహరణ ఒకటి అనుకుని చదివితే పరీక్షలో తికమక పడరు.

అనుభవం ఉన్నవాళ్లే ఫౌండేషన్‌లో ఫెయిలవడం విచిత్రంగా ఉంటుంది కానీ అవుతూనే ఉంటారు. కారణం, తమ కంపెనీలో జరిగేది జవాబుగా పెట్టేస్తారు. మీ దగ్గర అన్ని చేంజ్‌లూ వారానికోసారి క్యాబ్ (మార్పులను చూసి ఆమోదించే కమిటీ) మీటింగ్‌కి వెళ్తాయనుకోండి, ప్రశ్నలో 'ముందే ఆమోదం పొందిన, రిస్క్ తక్కువైన మార్పు' అని ఉంటే అది స్టాండర్డ్ చేంజ్, ప్రతిసారీ దానికి మీటింగ్ అక్కర్లేదు. ప్రశ్న పుస్తకాన్ని అడుగుతోంది, మీ ప్రాజెక్టుని కాదు. ఇంకోటి, నాలుగు వాక్యాలు ఇచ్చి 'ఇందులో ఏ రెండు సరైనవి' అనే రకం ప్రశ్నలు ఉంటాయి. ఖచ్చితంగా తప్పు అని తెలిసిన వాక్యాన్ని ముందు కొట్టేస్తే సగం ఆప్షన్లు వాటంతటవే పోతాయి.

ఇంటర్వ్యూలో ఇదే చదువు ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. నేను ఎల్‌1, ఎల్‌2 వాళ్లని అడిగే ప్రశ్న ఇది. శుక్రవారం సాయంత్రం ఒక రిటైల్ క్లయింట్ బిల్లింగ్ అప్లికేషన్ ఆగిపోయింది, కౌంటర్ల దగ్గర జనం నిలబడిపోయారు, పీ1 (అత్యవసర స్థాయి టికెట్) పడింది, బ్రిడ్జ్ ఓపెన్ అయింది. అప్లికేషన్ టీమ్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే పని చేసింది, కానీ ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీరు ఇన్సిడెంట్ టికెట్‌ని రిజాల్వ్ చేస్తారా, ఓపెన్‌గా ఉంచుతారా?

ఎక్కువమంది "లేదు సర్, రూట్ కాజ్ తెలిసేదాకా ఓపెన్‌గానే ఉంచుతాం" అంటారు, చాలా బాధ్యతగా మాట్లాడినట్టు ముఖం పెట్టి. ఇన్సిడెంట్ పని సేవని తిరిగి నిలబెట్టడం. కౌంటర్లో బిల్లులు మళ్లీ కొడుతున్నారని యూజర్ వైపు నుంచి ఖరారు చేసుకుంటే అది రిజాల్వ్డ్. ఎందుకు ఆగింది అనేది ప్రాబ్లమ్ టికెట్ పని, దాన్ని విడిగా తెరిచి ఈ ఇన్సిడెంట్‌ని దానికి లింక్ చేయాలి. రెండు రోజుల తర్వాత డేటాబేస్ కనెక్షన్లు విడుదల కాకుండా పేరుకుపోతున్నాయని తేలింది, ప్యాచ్ ఇంకా రాలేదు అనుకోండి, అప్పుడు అది నోన్ ఎర్రర్: విశ్లేషణ అయింది, పరిష్కారం కాలేదు. ప్యాచ్ వచ్చేదాకా రోజూ రాత్రి షాపులు మూశాక రీస్టార్ట్ చేయడం వర్క్‌అరౌండ్. ప్యాచ్ వచ్చాక దాన్ని వేయడానికి చేంజ్ రిక్వెస్ట్. ఇది వరసగా, తడబడకుండా, ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పాలో కూడా కలిపి చెప్పగలిగితే ఆ మనిషికి ఫౌండేషన్ ఒంటబట్టినట్టే. రూట్ కాజ్ కోసం పీ1ని తెరిచి ఉంచితే ఎస్‌ఎల్‌ఏ (ఎంతసేపట్లో సేవ నిలబెట్టాలో క్లయింట్‌తో చేసుకున్న ఒప్పందం) గడియారం తిరుగుతూనే ఉంటుంది, నెలాఖరు రిపోర్టులో 40 నిమిషాల అంతరాయం కాస్తా రెండు రోజులుగా కనబడుతుంది, క్లయింట్‌కి పెనాల్టీ కట్టే ఒప్పందమైతే ఆ తర్వాత జరిగే మీటింగ్ మీరు ఊహించుకోవచ్చు. ఇదంతా మూడేళ్లుగా మీ కళ్ల ముందు జరుగుతున్నదే, ఫౌండేషన్ చేసే పనల్లా దానికి పద్ధతిగా చెప్పే మాటలు ఇవ్వడం. డ్రైవింగ్‌లో ఎల్‌ఎల్‌ఆర్ లాంటిది అనుకోండి, అది లేకుండా బండి ఎక్కనివ్వరు, అది ఉన్నంత మాత్రాన బండి నడపడం వచ్చిందనీ ఎవరూ అనుకోరు.

ఆ పైన ఏమిటంటే, మీరు ఏ కుర్చీలోకి వెళ్తున్నారో దాన్ని బట్టి. ఇన్సిడెంట్ మేనేజర్, మేజర్ ఇన్సిడెంట్ మేనేజర్ వైపు అయితే నా మొదటి ఓటు మానిటర్ సపోర్ట్ అండ్ ఫుల్‌ఫిల్ అనే కట్టకి. ఇన్సిడెంట్, ప్రాబ్లమ్, సర్వీస్ డెస్క్, సర్వీస్ రిక్వెస్ట్, మానిటరింగ్ అండ్ ఈవెంట్, ఈ అయిదూ అందులోనే ఉన్నాయి. మీ మూడేళ్ల పని మొత్తం దాని సిలబస్సే. ఆ తర్వాత సీడీఎస్ చేస్తే ప్రాక్టీస్ మేనేజర్ పూర్తవుతుంది, అదే సీడీఎస్ రేపు మేనేజింగ్ ప్రొఫెషనల్ వైపు వెళ్లినా లెక్కకొస్తుంది. చేంజ్ మేనేజర్, రిలీజ్, కాన్ఫిగరేషన్, అసెట్స్ వైపు వెళ్లేవాళ్లకి ప్లాన్ ఇంప్లిమెంట్ అండ్ కంట్రోల్ కట్ట సరిపోతుంది. వెండర్లతో, ఎస్‌ఎల్‌ఏలతో, క్లయింట్ రివ్యూలతో రోజంతా గడిచేవాళ్లకి కొలాబరేట్ అష్యూర్ అండ్ ఇంప్రూవ్, లేదా డీఎస్‌వీ. టీమ్ లీడ్ దాటి సర్వీస్ డెలివరీ మేనేజర్ అయ్యాక డీపీఐ చాలా ఉపయోగం, నా మటుకు నాకు ఐటిల్ 4 మొత్తంలో అన్నిటికంటే బాగా రాసిన మాడ్యూల్ అదే. హెచ్‌వీఐటీ డెవ్‌ఆప్స్ (డెవలప్‌మెంట్, ఆపరేషన్స్ కలిసి పనిచేసే) టీమ్‌లతో కలిసి పనిచేసేవాళ్లకి బాగుంటుంది, మిగతావాళ్లకి కొత్త పదాల ప్రవాహంలా అనిపిస్తుంది.

ఒక షరతు గుర్తుంచుకోండి. ఫౌండేషన్‌కి సొంతంగా చదువుకుని వోచర్ కొనుక్కుని రాసేయొచ్చు. సీడీఎస్, డీఎస్‌వీ, హెచ్‌వీఐటీ, డీపీఐలకి గుర్తింపు పొందిన ట్రైనింగ్ సంస్థ దగ్గర కోర్సు చేయడం తప్పనిసరి, అందుకే అక్కడి నుంచి ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పరీక్షల్లో కూడా 40 ప్రశ్నలే, కానీ 90 నిమిషాలు, పాస్‌కి 28 రావాలి. నిర్వచనాలు అడగరు, ఒక పరిస్థితి ఇచ్చి ఏం చేస్తావని అడుగుతారు. నాలుగు జవాబులూ సరిగ్గానే ఉన్నట్టు కనబడతాయి, పని చేసిన అనుభవం లేకపోతే అక్కడ దొరికిపోతారు.

చాలామందికి చివర్లో తెలిసే సంగతి రెన్యువల్. 2023 నుంచి ఐటిల్ సర్టిఫికెట్లకి మూడేళ్ల గడువు పెట్టారు, ఫౌండేషన్‌తో సహా. గడువులోపు అదే పరీక్ష మళ్లీ రాయాలి, లేదా అదే కుటుంబంలో ఇంకో పరీక్ష పాసవ్వాలి, లేదా మెంబర్‌షిప్ కట్టి ఏటా 20 పాయింట్ల చొప్పున మీరు నేర్చుకున్నవి నమోదు చేయాలి. సర్వీస్ మేనేజ్‌మెంట్ వాళ్లలో దీని మీద చాలా విసుగు ఉంది, నాకూ ఉంది. ఒకసారి ఇన్సిడెంట్ నిర్వచనం నేర్చుకున్నవాడు మూడేళ్లకి ఎలా మర్చిపోతాడని అడిగితే జవాబు లేదు. కానీ మీ ప్లాన్‌కి మాత్రం ఇది కలిసొచ్చేదే: ఇప్పుడు ఫౌండేషన్ చేసి, రోల్ మారాక రెండున్నర ఏళ్లలోపు ఒక పై మాడ్యూల్ చేస్తే ఫౌండేషన్ గడువు కూడా దాంతోపాటే ముందుకు జరుగుతుంది. అన్నీ ఒకేసారి ప్యాకేజీలో చేసేస్తే గడువులన్నీ ఒకేసారి మీద పడతాయి, అప్పటికి ఆ కోచింగ్ వాళ్లు ఫోన్ ఎత్తరు.

పరీక్ష రోజు గురించి రెండు మాటలు, ఇవి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో రాస్తారు, ప్రొక్టర్ (పరీక్షని ఆన్‌లైన్‌లో గమనించే పర్యవేక్షకుడు) కెమెరాలో గదంతా తిప్పి చూపించమంటారు, టేబుల్ మీద ఏమీ ఉండకూడదు, ఐడీ చూపించాలి. మన పేర్లతో వచ్చే తంటా ఇక్కడే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ఇనీషియల్, ఆఫీసు ఈమెయిల్‌లో ఇంటిపేరు చివర. ప్రొఫైల్ ఏదో ఒకలా క్రియేట్ చేసి, పరీక్ష నిమిషంలో ఇంకో రకం ఐడీ చూపిస్తే పేరు కలవక పరీక్ష మొదలవకుండానే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏ ఐడీ చూపిస్తారో ముందే నిర్ణయించుకుని అందులో ఉన్నట్టే, అదే వరసలో ప్రొఫైల్‌లో పేరు పెట్టండి. సర్టిఫికెట్ మీదా అదే పేరు వస్తుంది, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనూ అదే చూస్తారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ప్రొక్టరింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవ్వడం కష్టం, సొంత ల్యాప్‌టాప్ సిద్ధం చేసుకోండి. ఇంట్లోవాళ్లకి ఆ గంటన్నర గది తలుపు తీయొద్దని చెప్పండి, మా ఇంట్లో అయితే సరిగ్గా అప్పుడే కాఫీ వస్తుంది. ఫెయిలైతే మళ్లీ రాసుకునే 'టేక్ 2' అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని పరీక్షకి ముందే కొనుక్కోవాలి, టెన్షన్ ఎక్కువున్న వాళ్లకి అది పనికొస్తుంది.

డంప్స్ (బయట తిరిగే పరీక్ష ప్రశ్నల, జవాబుల ఫైళ్లు) సంగతి. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లలో సగం వెర్షన్ 3వి. వాటిలో 26 ప్రాసెసులు, నాలుగు ఫంక్షన్లు, అయిదు లైఫ్‌సైకిల్ దశలు అని ఉంటే ఆ ఫైల్ డిలీట్ చేసేయండి. 'చేంజ్ కంట్రోల్' అని ఉంటే అది ఐటిల్ 4 మొదటి రోజుల నాటిది, తర్వాత దాన్ని చేంజ్ ఎనేబుల్‌మెంట్ అన్నారు. ఇక 'పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్, మీ బదులు మా వాళ్లు రాస్తారు' అనేవాళ్లు కూడా తగులుతారు, వాళ్లకి అడ్వాన్స్ పంపి డబ్బు పోగొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటారు? సర్టిఫికెట్ నంబర్ కొట్టి నిజమో కాదో పీపుల్‌సర్ట్ సైట్‌లోనే చూసుకునే వీలుంది, పెద్ద కంపెనీలు చూస్తాయి కూడా. అంతకంటే పెద్ద చిక్కు, పైన చెప్పిన శుక్రవారం సాయంత్రం ప్రశ్న అడిగితే ఆ మనిషి రెండు నిమిషాల్లో బయటపడతాడు.

కంపెనీ డబ్బు అన్నాను కదా, అది అడగడానికి మొహమాటపడకండి. సర్వీస్ కంపెనీలకి మీ సర్టిఫికెట్ వల్ల లాభం ఉంది, కొత్త క్లయింట్‌కి ప్రపోజల్ రాసేటప్పుడు మా దగ్గర సర్టిఫైడ్ మనుషులు ఇంతమంది అని చూపించుకుంటారు. మీ మేనేజర్ "ఐటిల్ చెయ్" అనడం వెనక అదే ఉండొచ్చు. కాబట్టి ఆయన్నే మెయిల్‌లో అడగండి: రీయింబర్స్‌మెంట్ ఉందా, ఏ హెడ్ కింద, పాసయ్యాక ఇస్తారా ముందే వోచర్ ఇస్తారా, దానికి బాండ్ ఏమైనా ఉందా. ఫౌండేషన్ లాంటి చిన్న మొత్తానికి ఏడాది బాండ్ అంటే నేనైతే సొంత డబ్బుతో రాసేసి చేతులు దులుపుకుంటాను. సీడీఎస్‌కి ఏడాది అంటే ఆలోచిస్తాను.

ఐటిల్ ఒక్కటే లోకం కాదు కాబట్టి పక్కవి కూడా క్లుప్తంగా. టూల్ వైపు ఆసక్తి ఉంటే, అంటే టికెట్ చూడడం కంటే ఆ ఫారమ్ వెనకాల వర్క్‌ఫ్లో ఎలా కట్టారో చూడాలనిపిస్తే, ఫౌండేషన్ తర్వాత సర్వీస్‌నౌ (టికెట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సర్టిఫైడ్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ వైపు వెళ్లండి. కొంచెం జావాస్క్రిప్ట్ నేర్చుకోవాలి. హైదరాబాద్‌లో ఆ పని బాగానే దొరుకుతుంది, ఎల్‌1 నుంచి జీతం గట్టిగా మారిన మనుషులు నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఆ దారిలో వెళ్లినవాళ్లే. ఆడిట్, గవర్నెన్స్ అంటే ఇసాకా వాళ్ల కోబిట్ (ఐటీ గవర్నెన్స్ పద్ధతి), సీసా (ఐటీ ఆడిటర్ సర్టిఫికెట్). చాలా వెండర్లు ఉన్న పెద్ద క్లయింట్ దగ్గర ఉంటే సయామ్ (వెండర్ల సేవలన్నీ కలిపి నడిపే పద్ధతి). ఐఎస్ఓ 20000 అనే సర్వీస్ మేనేజ్‌మెంట్ ప్రమాణం వేరే సంగతి, అది సంస్థకి ఇచ్చేది. 'మా కంపెనీ ఐటిల్ సర్టిఫైడ్' అని ఇంటర్వ్యూలో అనకండి, ఐటిల్ సర్టిఫికెట్ మనుషులకే, కంపెనీకి ఉండేది ఐఎస్ఓ.

మీరు అసలు అడిగిన ఇన్సిడెంట్ మేనేజర్ రోల్ సంగతికి వస్తే, ఆ కుర్చీ సర్టిఫికెట్ చూసి ఇవ్వరు. ఫౌండేషన్ చదువుతూనే ఫ్లోర్ మీద ఈ పనులు మొదలుపెట్టండి: పీ1 పడినప్పుడు బ్రిడ్జ్‌లో మ్యూట్‌లో కూర్చుని ఎవరు ఎప్పుడు ఏం చేశారో టైమ్‌లైన్ రాయండి, ఇన్సిడెంట్ మేనేజర్‌కి అది కాల్ అయిపోగానే పంపండి. వాళ్లకి అన్నిటికంటే చిరాకైన పని అదే, మీరు చేసిపెడితే రెండో నెలకే మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తారు. తర్వాత స్టేక్‌హోల్డర్లకి వెళ్లే అప్‌డేట్ మెయిల్ డ్రాఫ్ట్ మీరే చేస్తానని అడగండి. ఆ మెయిల్‌లో సర్వర్ పేర్లు, ఎర్రర్ కోడ్లు ఉండకూడదు, ఏ సేవ ఆగింది, ఎంతమందికి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మళ్లీ ఎప్పుడు చెప్తారు, ఈ నాలుగే. వీలైతే వీకెండ్ షిఫ్టులో పీ2లు (పీ1 కంటే ఒక మెట్టు తక్కువవి) నడపనివ్వమనండి, పీ2కి జనం తక్కువ, నేర్చుకోవడానికి చోటు ఎక్కువ. ఇంటర్నల్ పోస్టింగ్ వచ్చినప్పుడు మీ దగ్గర ఫౌండేషన్‌తో పాటు మీరు రాసిన టైమ్‌లైన్లు, మీరు పంపిన అప్‌డేట్లు ఉంటాయి, ప్యానెల్‌లో అప్పటికే మీ గొంతు విన్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు.

ఆ కోచింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే మాత్రం ఫౌండేషన్ ఒక్కదానికి ఎంత, అందులో పరీక్ష వోచర్ ఉందా లేక క్లాసులకేనా, అది ప్రస్తుతం నడుస్తున్న వెర్షన్‌దేనా, గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో వాళ్ల పేరు ఉందా అని అడగండి. ఆ జాబితా పీపుల్‌సర్ట్ సైట్‌లో మీరే చూసుకోవచ్చు. వోచర్ విడిగా అంటే ఆ క్లాసులకి డబ్బు దండగ, అధికారిక పుస్తకం, ఒక శాంపిల్ పేపర్, మీ సొంత టికెట్లు పక్కన పెట్టుకుని మూడు నాలుగు వారాలు షిఫ్ట్ అయ్యాక గంట చొప్పున కూర్చుంటే మీ అనుభవానికి సరిపోతుంది.